వైజాగ్ ఉక్కలో ఆక్సలాటల్‌ని కుదుటపడనివ్వడం

ఆక్సలాటల్ అనే నీటి జీవిని కొత్తగా ఇంటికి తెచ్చుకున్నవాళ్లు మొదటి వారమంతా చేసే పని ఒకటే, అరగంటకోసారి ట్యాంక్ దగ్గరికెళ్లి వంగి చూడటం, గ్లాస్ మీద వేలితో టకటకా కొట్టడం, "తింటంలేదు, ఏమైందో" అని ఒకళ్లనొకళ్లు అడుక్కోవడం. ప్రేమతోనే చేస్తారు అందరూ, నాకు తెలుసు. కానీ ఆ వారంలో దానికి మన నుంచి కావాల్సింది చల్లటి శుభ్రమైన నీళ్లు, కాస్త చీకటి, దాని జోలికి వెళ్లకుండా ఉండటం, అంతే. మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు. మందులు, టానిక్‌లు, రకరకాల తిండి పెట్టి దాన్ని హుషారు చేద్దామని చూస్తే ఇంకా డీలా పడిపోద్ది.

ఈమధ్య ఎంవీపీ కాలనీలో మా చెల్లి ఇంటికి ఒకటొచ్చింది. 2021లో మైన్‌క్రాఫ్ట్ గేమ్‌లో ఆక్సలాటల్‌ని పెట్టిన దగ్గర్నుంచీ మా చెల్లి కొడుక్కి అదే ధ్యాస, అడిగీ అడిగీ చివరికి వాళ్ల నాన్న చేత ఊఁ అనిపించాడు. హైదరాబాద్ నుంచి తెలిసినవాళ్లు రాత్రి రైల్లో థర్మాకోల్ పెట్టెలో పెట్టి తెచ్చారు. తెల్లటి ఒళ్లు, గులాబీ మొప్పలు, నల్లటి చిన్న కళ్లు, వాడు దానికి జున్ను అని పేరు పెట్టుకున్నాడు. మా అమ్మ చూసి "ఏటే ఇది, కాళ్లున్న చేపేటి?" అంది. చేప కాదమ్మా, కప్పల వైపు చుట్టం, జీవితమంతా పిల్లప్పటి మొప్పలతోనే నీళ్లలో ఉండిపోద్ది అని చెప్పాను. మా ఇంట్లో ముందునుంచీ ఒకటుంది కాబట్టి చెల్లి వెంటనే నాకు ఫోన్ చేసింది, అక్కా ఒకసారి వచ్చి చూడవే, ఏదో తేడాగా ఉంది అని.

వెళ్లి చూస్తే తోక చివర సన్నటి భాగం పక్కకి ఒంపు తిరిగి ఉంది. తలకి అటు మూడు ఇటు మూడు మొప్ప కొమ్మలుంటాయి కదా, అవి మామూలుగా వెనక్కి వాలి వదులుగా ఉండాలి, ఎప్పుడన్నా ఒకసారి విదిలిస్తుంది, అది మామూలే. జున్నువి మాత్రం బాగా ముందుకి, దాదాపు మూతి వైపుకి వంగి అలాగే బిగుసుకున్నట్టు ఉన్నాయి. ఫిల్టర్ నీళ్లు పడేచోట నుంచి వీలైనంత దూరంగా ఓ మూలకి ఒదిగి కూచుంది, కాసేపు ఆగి ఒక్కసారిగా లేచి గ్లాస్ వెంబడి పైకీ కిందకీ పరుగులు పెట్టి మళ్లీ అదే మూలకి. "పెద్దమ్మా, ఆడుకుంటుంది కదా" అన్నాడు వాడు ఆశగా. ఆట కాదు నాన్నా, దానికి ఇక్కడ నచ్చక దారి వెతుక్కుంటోంది అన్నాను.

ఈ తోక, మొప్పలు చూడటం ఒక్కటి వస్తే చాలు, సగం పని అయిపోయినట్టే. మొప్పలు ముందుకి వంగి అలాగే ఉన్నాయంటే నీటి ధార ఎక్కువన్నా అవ్వాలి, నీళ్లు బాలేకన్నా అవ్వాలి. తోక చివర వంకర తిరిగితే ఇబ్బంది పడుతున్నట్టు. మాటిమాటికీ పైకొచ్చి గాలి మింగుతుంటే నీళ్లలో ఆక్సిజన్ చాలట్లేదేమో చూడాలి, ఎప్పుడో ఒకసారి మింగడం మాత్రం మామూలే. చర్మం మీద ఎర్రటి మరకలుంటే దాని మలం నుంచి నీళ్లలో చేరే అమ్మోనియా కాల్చేస్తుందేమోనని మొదట అనుమానించాలి. మొప్పల మీద తెల్లగా దూదిలాంటిది పట్టిందంటే ఫంగస్. కొత్త చోటికొచ్చిన రెండు మూడు రోజులు తినకపోవడం, దాక్కోవడం మాత్రం దేనికిందా లెక్క కాదు, ప్రయాణం చేసొచ్చిన ప్రాణి, దానికి టైమ్ ఇవ్వాలి.

ఇప్పుడు అసలు సంగతి, వేడి. ఒకసారి మ్యాప్ తీసి చూడండి, ఆక్సలాటల్ పుట్టిల్లు మెక్సికో సిటీలోని సోచిమిల్కో కాలవలు, అది భూమధ్యరేఖకి ఉత్తరంగా 19 డిగ్రీల మీద ఉంది, మన వైజాగ్ 17 డిగ్రీల చిల్లర. అంటే ఎండ విషయంలో ఇద్దరం దాదాపు ఇరుగుపొరుగే. మరి అక్కడ నీళ్లు చల్లగా ఎందుకుంటాయంటే ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి. మన అరకు ఎత్తు దాంట్లో సగం కూడా లేదు, మనమేమో బీచ్ ఒడ్డున ఉన్నాం. ఆ ఎత్తులో చల్లటి, కదలిక లేని నీళ్లలో బతికిన జీవిని తెచ్చి మే నెల ఎంవీపీ కాలనీలో పెడుతున్నాం. దానికి 16 నుంచి 18 డిగ్రీలు హాయి, 20 దాకా పర్లేదు, 24 దాటి అలాగే ఉంటే ప్రాణం మీదకొస్తుంది. మనకి వేసవిలో రాత్రిళ్లే 28 ఉంటుంది. ఏసీ లేని గదిలో ట్యాంక్ నీళ్లు 30 చేరడం పెద్ద విషయమేం కాదు.

వేడి నీళ్లతో ఇబ్బంది ఒక్కటే కాదు. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గిపోద్ది, 18 డిగ్రీల దగ్గర లీటరుకి 9.5 మిల్లీగ్రాముల దాకా పట్టే నీళ్లు 30 దగ్గర 7.6 కంటే పట్టవు, అదే టైమ్‌లో దాని ఒంట్లో పనులన్నీ స్పీడు పెరిగి ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. పైగా వేడికి అమ్మోనియా ఇంకా విషం అవుతుంది, ఫంగస్‌కి బలమొస్తుంది. అందుకే తినట్లేదు, బుర్ర కిందకేసి కూచుంది అని ఎవరు చెప్పినా నేను మొదట అడిగేది థర్మామీటర్ ఎంత చూపిస్తోంది అని.

ఫ్యాన్ పెడితే చల్లబడుతుందని యూట్యూబ్‌లో చెప్తారు. నీటి మీద చిన్న ఫ్యాన్ పెడితే ఆవిరయ్యే కొద్దీ వేడి పోతుంది, అది నిజమే, పొడి గాలి ఉన్న ఊళ్లలో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది కూడా. కానీ మన గాలిలో అసలే తేమ నిండి ఉంటుంది, ఉతికిన బట్టలే ఆరని రోజుల్లో ట్యాంక్ నీళ్లు ఏం ఆవిరవుతాయి. వైజాగ్‌లో ఫ్యాన్‌ని నమ్ముకుని ఆక్సలాటల్‌ని పెంచలేం, ఈ మాట నేను మొహమాటం లేకుండా చెప్తాను. ఏసీ గది పెట్టినా నీళ్లు ఆ గది వేడికి కాస్త అటూ ఇటూగానే ఉంటాయి, ఏసీ 24లో పెట్టుకుంటే నీళ్లూ ఆ దరిదాపుల్లోనే. నీళ్లని చల్లబరిచే మెషీన్, అంటే చిల్లర్ కావాలి. చిన్న చిల్లర్ కూడా ట్యాంక్ కంటే ఖరీదు ఎక్కువ, అందుకే కొనేముందే దాని ఖర్చు లెక్కేసుకోవాలి, అది కుదరదనుకుంటే జీవిని తెచ్చుకోకపోవడమే దానికి మనం చేసే మేలు. మా మరిది ముందు గునిశాడు గానీ తర్వాత తెప్పించాడు.

చిల్లర్ వచ్చేదాకా ఐస్ బాటిల్స్‌తో నడిపించాం. ఐస్ ముక్కలు నేరుగా వెయ్యకూడదు, మూత గట్టిగా ఉన్న సీసాలో నీళ్లు గడ్డ కట్టించి అది తేల్చాలి, ఒకటి కరిగేలోపు ఇంకోటి రెడీగా ఉండాలి. దీంతో వచ్చే చిక్కేంటంటే టెంపరేచర్ ఊగిసలాట, పొద్దున 19, మధ్యాహ్నం 26, రాత్రి మళ్లీ 20 అయితే అది కూడా ఒత్తిడే. చిన్న సీసాలు తరచూ మార్చడం నయం. ఇంకో పని, ఫిషింగ్ హార్బర్‌లో చేపలకి వాడే థర్మాకోల్ పెట్టెలు చూసే ఉంటారు, అలాంటిది కొత్తది, చేపలు పెట్టనిది కొని టబ్‌ని దాంట్లో దింపితే చలువ చాలాసేపు నిలుస్తుంది. ట్యాంక్ అయితే వెనకా పక్కలా థర్మాకోల్ షీట్ అంటించుకోవచ్చు, చీకటి కూడా దొరుకుతుంది దానికి.

టబ్ అన్నాను కదా, అది ఎందుకంటే చెల్లి వాళ్ల ట్యాంక్ సైకిల్ అవ్వలేదు. కొత్త ట్యాంక్‌లో నీళ్లు అద్దంలా మెరుస్తున్నా సరే, అమ్మోనియాని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో ఇల్లు కట్టుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అప్పటిదాకా దాని మలం, మిగిలిన తిండి అన్నీ అమ్మోనియాగా నీళ్లలోనే ఉండిపోతాయి. లిక్విడ్ టెస్ట్ కిట్‌తో చూస్తే గొట్టంలో రంగు పసుప్పచ్చగా ఉండాల్సింది ఆకుపచ్చకి తిరిగింది. పిల్లాడే ఆ రంగుని కార్డు పక్కన పెట్టి చూసి "పెద్దమ్మా, ఇది సున్నా కాదు" అన్నాడు. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 20 పీపీఎం (లీటరుకి 20 మిల్లీగ్రాములు) లోపు, ఇవి రాకుండా జీవిని ట్యాంక్‌లో ఉంచడం మంచిది కాదు. అందుకే ట్యాంక్‌ని ఖాళీగా సైకిల్ అవ్వనిచ్చి జున్నుని టబ్‌లోకి మార్చాం.

టబ్‌లో ఉంచడం అంటే రోజూ మొత్తం నీళ్లు మార్చడం, సగం కాదు, మొత్తం. రెండు టబ్‌లు పెట్టుకుంటే తేలిక, ఒకటి నింపి చల్లబెట్టి ఉంచుకుని, పాతదాంట్లో నుంచి జీవిని ఒక వెడల్పాటి డబ్బాతో నీళ్లతో సహా ఎత్తి కొత్తదాంట్లోకి వదలాలి. వలతో ఎత్తొద్దు, సన్నటి వేళ్లు, మొప్పల పోగులు ఆ అల్లికలో ఇరుక్కుంటాయి. చేత్తో అసలే వద్దు, దాని ఒంటి మీద ఉండే జిగురు పొరే దానికి రక్షణ. పాత నీటికీ కొత్త నీటికీ ఒకటి రెండు డిగ్రీల కంటే తేడా ఉండకూడదు.

నీళ్లు ఎక్కడివి అన్నది కూడా చూడాలి. మనకొచ్చే జీవీఎంసీ కుళాయి నీళ్లలో క్లోరిన్ కలుపుతారు, అక్వేరియం షాపుల్లో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయకుండా వాడొద్దు. కొంతమంది ప్రేమ ఎక్కువై ఇరవై లీటర్ల వాటర్ టిన్ను తెచ్చి పోస్తారు, మనం తాగే నీళ్లే కదా ఇంకా మంచివి అని. ఆ ఆర్వో నీళ్లలో ఖనిజాలు దాదాపు ఉండవు, ఆక్సలాటల్‌కి కాస్త కఠినత్వం ఉన్న నీళ్లే పడతాయి, దాని చర్మంలోంచి నీళ్లు, లవణాలు అటూ ఇటూ తిరుగుతుంటాయి కాబట్టి వట్టి ఆర్వో నీళ్లు దానికి కష్టమే. కుళాయి నీళ్లలో క్లోరిన్ తీసేసి వాడటమే మంచిది.

చర్మం గురించి వచ్చింది కాబట్టి మన ఇళ్లలో ఎవరూ ఆలోచించని ఇంకో విషయం. దోమల లిక్విడ్ మెషీన్, దోమల బత్తి. వాటిలో ఉండే మందులు నీళ్లలో బతికే జీవులకి చాలా విషం, మన ఎయిర్ పంపు ఏమో గదిలో గాలిని పీల్చి నేరుగా నీళ్లలోకి బుడగలుగా వదులుతుంది. రాత్రంతా మెషీన్ పెట్టి అదే గదిలో పంపు నడిపితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. చెల్లి వాళ్లు ఆ గదిలో మెషీన్ తీసేసి పిల్లాడి మంచానికి దోమతెర కట్టారు. వీధిలో ఫాగింగ్ బండి వచ్చినప్పుడు కిటికీలు మూసి, ట్యాంక్ మీద తడి గుడ్డ కప్పి, పొగ పోయేదాకా పంపు ఆపేస్తారు. గదిలో రూమ్ ఫ్రెష్‌నర్ కొట్టడం, అగరొత్తులు వెలిగించడం కూడా మానేశారు, అమ్మ దీపం పక్క గదిలోకి మార్చుకుంది ఏమీ అనకుండానే.

ఇక మిగతా సర్దుబాట్లు. దానికి కనురెప్పలు లేవు, కాబట్టి ట్యాంక్ లైట్ అవసరం లేదు, గదిలో వెలుతురు కూడా కాస్త తగ్గించండి. ట్యాంక్ అంచుకి తగిలించే హ్యాంగ్ ఆన్ ఫిల్టర్ తీసి స్పాంజ్ ఫిల్టర్ పెడితే ధార తగ్గుతుంది, సోచిమిల్కో నీళ్లు నిలకడగా ఉంటాయి కాబట్టి దాని ఒంటికి ప్రవాహం అలవాటు లేదు. అడుగున గులకరాళ్లు వద్దే వద్దు, నోరు తెరిచి లాగేసేటప్పుడు రాయి కూడా లోపలికి పోయి ఇరుక్కుంటుంది, ఖాళీ అడుగు బెస్ట్. దాక్కోడానికి నర్సరీలో అమ్మే కొత్త మట్టి పూలకుండీ అడ్డంగా పడుకోబెట్టాం, అడుగున చిల్లు ఉంటుంది కదా అందులో తల ఇరికించుకోకుండా చదును రాయి ఒకటి ఆనించి. అంచులు చేత్తో తడిమి చూడండి, గరుగ్గా ఉంటే గరుకు కాగితంతో రుద్దాలి. ట్యాంక్ టీవీ స్పీకర్ పక్కన పెట్టొద్దు, ఒంటితోనే అదురు పసిగడుతుంది అది, వినాయక చవితి డీజే వీధిలోంచి వెళ్లేటప్పుడు దాన్ని గమనించండి, తెలుస్తుంది.

తిండి సంగతి. వచ్చిన మర్నాడే పెట్టాలని లేదు, ఒకట్రెండు రోజులు వదిలేసి సాయంత్రం చీకటి పడ్డాక ఒక చిన్న ఎర్ర (వానపాము) ముక్క పొడుగాటి పట్టకారుతో మూతి ముందు మెల్లగా కదిపి చూడాలి. తింటే తింటుంది, లేకపోతే తీసేసి మర్నాడు మళ్లీ, నీళ్లలో వదిలేస్తే అదే కుళ్లి అమ్మోనియా అవుతుంది. పెద్దదైతే వారం తినకపోయినా తట్టుకుంటుంది, చిన్నపిల్ల అయితే అన్నాళ్లు ఆగొద్దు. ఎర్రలు పురుగుమందు కొట్టని మట్టిలోవి ఉండాలి. వర్మీకంపోస్ట్ వాళ్ల దగ్గర దొరికే ఎర్రటి చారల రకం చాలా ఆక్సలాటల్స్ నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తాయి, ఆ పురుగు వదిలే ద్రవం చేదుగా ఉంటుందట, జున్ను కూడా ఉమ్మేసింది. ఉమ్మేస్తే జబ్బు అనుకోకండి, పురుగు మార్చండి.

మందుల విషయంలో మాత్రం నేను చాలా పట్టుదలగా ఉంటాను. చేపలకి వాడే మందులు చాలావాటిలో రాగి, మలకైట్ గ్రీన్, ఫార్మలిన్ లాంటివి ఉంటాయి, ఆక్సలాటల్ చర్మం అన్నీ పీల్చేసుకుంటుంది కాబట్టి చేపకి మంచిదైంది దీనికి ప్రమాదం. అలోవెరా కలిసిన వాటర్ కండీషనర్లు కూడా వద్దు. నీరసంగా ఉందని ఫ్రిజ్‌లో పెట్టమనే సలహా ఇస్తారు, 5 నుంచి 8 డిగ్రీల్లో ఉంచే పద్ధతి ఒకటుంది గానీ అసలే భయపడి ఉన్న కొత్త జీవికి అది ఇంకో దెబ్బ, జంతువుల డాక్టర్ (వెట్) చెప్పకుండా చెయ్యొద్దు. మనకి అందుబాటులో ఉన్నది, హాని లేనిది ఏదైనా ఉందంటే బాదం ఆకు. మన ఊళ్లో బాదం చెట్టు లేని వీధి తక్కువ, బీచ్ రోడ్డు దుమ్ము పట్టినవి కాకుండా ఎవరి కాంపౌండ్‌లో అయినా తనంతట తాను రాలిన ఎండు గోధుమరంగు ఆకు తీసుకుని, బాగా కడిగి, మరిగే నీళ్లు పోసి చల్లార్చి ఆకు టబ్‌లో వెయ్యండి. నీళ్లు లేత టీ రంగు వస్తాయి, అందులో టానిన్లు ఫంగస్‌ని కొంచెం అదుపులో పెడతాయి, వెలుతురు కూడా మసకబారుతుంది. ఇది వైద్యం కాదు, ఊరట మాత్రమే. దూది లాంటిది పెరుగుతున్నా, ఒళ్లు ఉబ్బినా, వెనకభాగం పైకి తేలిపోయి కిందకి దిగలేకపోతున్నా ఎగ్జాటిక్ జంతువులని చూసే వెట్‌కి చూపించాలి, వెళ్లేముందు టెంపరేచర్, అమ్మోనియా రీడింగులు రాసుకెళ్లండి, మొదట అడిగేది అవే.

జున్ను టబ్‌లోకి మారి, నీళ్లు 18 దగ్గర నిలబడ్డాక తోక మెల్లగా తిన్నగా అయ్యింది. మొప్పలు వెనక్కి వాలాయి, వాటి మీద పోగులు విడివిడిగా తెరుచుకుని లేత గులాబీ నుంచి ముదురు రంగుకి తిరిగాయి. ఒక సాయంత్రం పట్టకారు నీళ్లలో పెట్టగానే కుండీలోంచి ముందు మూతి, తర్వాత ఒక చెయ్యి బయటకొచ్చి, ఆగి, వాసన పట్టినట్టు తల పక్కకి తిప్పి ఒక్కసారి నోరు తెరిచింది, ఎర్ర ముక్క కనపడకుండా పోయింది. వాడు అరవబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, అరిస్తే బెదురుద్దని.

ఇంకో మాట. ఇది అడవి జంతువుల అంతర్జాతీయ వ్యాపారం మీద ఉన్న సైటీస్ ఒప్పందంలో అపెండిక్స్ 2 జాబితాలో ఉన్న జీవి. మన వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ, ఆ తర్వాత 2024లో వచ్చిన రూల్స్ ప్రకారం ఇలాంటివి ఉన్నవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకోవాలి. అమ్మేవాడి దగ్గర కాగితాలు అడగండి, ఇవ్వనంటే వాడి దగ్గర కొనొద్దు. సోచిమిల్కోలో 1998లో చదరపు కిలోమీటరుకి 6,000 దాకా లెక్కకొచ్చినవి 2014కి 36కి పడిపోయాయి. మన ఇళ్లలో ఉన్నవి అక్వేరియంలలో పుట్టి పెరిగినవే, అయినా ఇలాంటి జీవి మన గదిలో ఉందంటే దాన్ని సరిగ్గా చూసుకోవడం మన మీద ఉంటుంది కదా.

ఇప్పుడు చెల్లికి కొత్త ఆలోచన, జున్ను ఒంటరిగా దిగాలుగా ఉంటుందేమో తోడుకి ఇంకోటి తెద్దామా అని. వద్దన్నాను. వాటికి తోడు అక్కర్లేదు, చిన్న వయసులో కలిపి ఉంచితే ఒకదాని కాలు ఇంకోటి కొరుకుతుంది, కాలు మళ్లీ మొలుస్తుంది నిజమే గానీ దాన్ని కావాలని ఆ కష్టంలో ఎందుకు పెట్టాలి. ఒకటి ఆడ, ఇంకోటి మగ అయితే వందల గుడ్లు, ఆ పిల్లల్ని ఎక్కడ పెడతాం. ఆ డబ్బు పెట్టి బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు కొనుక్కో అన్నాను, 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు మనకి కరెంటు ఎన్ని రోజులు లేదో నీకు గుర్తుంది కదా అంటే ఇంకేం మాట్లాడలేదు, మర్నాడే ఆర్డర్ పెట్టింది. ఫ్రీజర్‌లో కింద అర కూడా సీసాలకే వదిలేసింది.